అతడు, ఆమె, అది: దరఖాస్తు గడిలో సర్వనామ చరిత్ర

1

మా బేతంచెర్ల బండల ఊరు. చుట్టూ నాపరాతి గనులు, రోడ్ల పొడుగునా పాలిషు ఫ్యాక్టరీలు. ఇక్కడి బండ ఎన్నో ఊళ్లలో ఇళ్లకు నేల అయింది. ఆ బండను కొట్టినవాళ్ల పేర్లు, మోసినవాళ్ల పేర్లు మాత్రం ఏ ఇంటి గోడ మీదా ఉండవు. అవి ఉండేది ఒక్కచోటే, మస్టరు పుస్తకంలో.

నా చిన్నతనంలో మా అమ్మ గనిలో కూలికి పోయేది. కూలి పంచే సాయంత్రం ఆమె కొంగు పట్టుకుని నిలబడి మేస్త్రీ పుస్తకంలోకి తొంగిచూసేవాణ్ణి. పేజీకి నడుమ నిలువుగా ఒక గీత ఉండేది. ఎడమ వైపు పైన ‘మనుషులు’ అనీ, కుడి వైపు పైన ‘ఆడవాళ్లు’ అనీ రాసి ఉండేది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నాకు ఆ రెండు మాటలూ చదవడం వచ్చినందుకు సంతోషం తప్ప మరేమీ తోచలేదు. మా అమ్మ ‘మనుషులు’ అన్న వైపు లేదన్న సంగతి బోధపడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఒకరోజు ఆమె పనికి ఆలస్యంగా వచ్చిందని మేస్త్రీ గుమస్తాతో అన్న మాట కూడా గుర్తుంది: ‘దానికి అర మస్టరు వెయ్యి.’

ఈ మధ్య ఇదే మాట మళ్లీ విన్నాను. మా వీధిలో ఉండే ఒక హిజ్రా పింఛను కోసం దరఖాస్తు పెట్టుకోవాలంటే తోడు వెళ్లాను. కంప్యూటరు తెరమీద లింగం అన్న గడిలో మూడు ఎంపికలున్నాయి. మూడోది ‘ఇతరులు’. అదే నొక్కారు. వివరాలన్నీ ఎక్కించాక అచ్చయి వచ్చిన రశీదు మీద ‘దరఖాస్తుదారుడు’ అనీ, ఆ కింద ‘అతని తండ్రి పేరు’ అనీ ఉంది. పై గడిలో మూడో ఎంపిక ఒప్పుకున్న యంత్రమే కింది గడికి వచ్చేసరికి మగవాణ్ణి చేసేసింది. ఇంతలో లోపలి గదిలోంచి ఒక ఉద్యోగి కేక వేశాడు: ‘దాన్ని లోపలికి పంపు.’

కాగితం మీద అతడు, నోటిమాటలో అది. ఈ రెంటి మధ్య ఒక మనిషికి చోటు దొరకలేదు. ఎన్నో ఏళ్ల కిందట గనిలో మా అమ్మను ముద్రవేసిన సర్వనామమే ఈ మనిషినీ ముద్రవేసింది. ఇది ఒక ఉద్యోగి దురుసుతనం అని సరిపెట్టుకోవచ్చా? లేక మన భాషలో, మన కాగితాల అమరికలో, మన సమాజ నిర్మాణంలో దీనికి పునాది ఉందా? ఈ ప్రశ్నే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

2

ముందుగా వ్యాకరణం సంగతి చూద్దాం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో నామవాచకాలకు చేసిన విభజన బడి చదువు చదివిన అందరికీ తెలిసిందే. పురుషులనూ, వారి విశేషణాలనూ తెలిపే మాటలు మహత్తులు. తక్కినవన్నీ అమహత్తులు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు ఈ రెండో గుంపులో ఉంటాయి. మహత్తు అంటే గొప్పది. ఏ గుంపు గొప్పదో ఆ పేరే చెబుతున్నది.

అయితే సూరిగారు ఈ విభజనను తన ఇంట్లో కూర్చుని కల్పించలేదు. ఉన్న భాషను వర్ణించారు. ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’ అంటాం. ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాం. తమిళ, కన్నడాల్లో ఏకవచన క్రియకు స్త్రీలకోసం వేరే ప్రత్యయం ఉంది. తెలుగులో లేదు. కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన నాటినుంచీ, స్త్రీని, వస్తువును ఒకే ప్రత్యయంతో చెప్పడం ఆదినుంచీ ఉన్నదా, నడుమ వచ్చినదా అని పండితులు చర్చించుకుంటూనే ఉన్నారు. ఆ చర్చ తేలినా తేలకపోయినా, మా అమ్మకు వేసిన అర మస్టరు మారదు.

ఇంతకంటే ముఖ్యమైన అంశం మరొకటుంది. స్త్రీవాచకాలు బహువచనంలో మహద్వాచకాలతో సమానమవుతాయని కూడా అదే వ్యాకరణం గుర్తించింది. ‘మగవాళ్లు వచ్చారు’, ‘ఆడవాళ్లు వచ్చారు’. క్రియ ఒకటే. ‘ఆవులు వచ్చాయి’ మాత్రమే వేరు. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు స్త్రీ వస్తువు పక్షాన ఉంటుంది. పదిమంది కూడితే మనుషుల పక్షానికి వస్తుంది. సంఘటితమైతేనే మనుషుల్లో లెక్క అన్న సంగతి గని కార్మికులు సమ్మెలు చేసి నేర్చుకున్నారు. మన వ్యాకరణంలో అది ముందే ఉంది.

తెలుగులో లింగభేదం లేని చోట్లు తక్కువేమీ కావు. నేను, నువ్వు, మీరు, మేము, మనం: వీటికి లింగం లేదు. ‘తాను’కు లేదు. ఈనాటి యువతరం ‘తను’ అనే మాటను స్త్రీకీ పురుషుడికీ కూడా వాడుతున్నది. కాని ఇంగ్లీషులో మాదిరిగా సర్వనామం ఒక్కటి మార్చితే తెలుగులో పని జరగదు. ‘తను’ అన్న తరువాత ‘వచ్చాడు’ అనో ‘వచ్చింది’ అనో క్రియ గుట్టు విప్పేస్తుంది. పైన నేను ‘తొంగిచూసేవాణ్ణి’ అని రాసినప్పుడే నేను మగవాణ్ణని పాఠకులకు తెలిసిపోయింది. నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. గ్రాంథికంలో ‘రాముడు వచ్చెను’, ‘సీత వచ్చెను’ అనవచ్చు. క్రియ ఒకటే. గిడుగు రామమూర్తిగారి పోరాటం వల్ల మనకు దక్కిన వ్యావహారికంలో వచ్చాడు, వచ్చింది విడిపోయి నిలిచాయి. అందుకని గ్రాంథికానికి తిరిగిపోదామని ఎవరూ అనరు. జనం నోటిమాట కాగితం మీదికి వచ్చినప్పుడు జనంలో ఉన్న అసమానతలు కూడా వెంట వస్తాయని తెలుసుకుంటే చాలు. భాష ప్రజాస్వామికం కావడం ఒక మెట్టు. అందులోని సంబంధాలు ప్రజాస్వామికం కావడం తరువాతి మెట్టు.

3

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘వచ్చారు’ అన్న బహువచనం మన సమాజంలో ఒక్కరికి కూడా వాడతాం, గౌరవం కోసం. ‘రెడ్డిగారు వచ్చారు’, ‘అమ్మగారు వచ్చారు’, ‘కలెక్టరుగారు వచ్చారు’. ఈ మూడో వాక్యంలో కలెక్టరు స్త్రీయో పురుషుడో తెలియదు, తెలియనక్కరలేదు కూడా. అదే కూలీల విషయానికి వస్తే ‘వాడు వచ్చినాడు’, ‘అది వచ్చింది’. లింగం ఉన్నదున్నట్టు బయటపడుతుంది.

అంటే తెలుగులో గౌరవం దక్కిన చోట లింగం మాయమవుతుంది. గౌరవం దక్కని చోటే లింగం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లింగభేదం చూపని సర్వనామం మనకు కొత్తగా కావలసిన విదేశీ సరుకు కాదు. అది ఏనాటినుంచో మన ఇంట్లోనే ఉంది. కాకపోతే దాన్ని భూస్వామి, అధికారి, గురువు తమ కోసం దాచుకున్నారు.

మా ప్రాంతంలో సాటివారి గురించి చెప్పుకునేటప్పుడు ‘ఆయప్ప’, ‘ఆయమ్మ’ అంటారు. అందులో అప్ప ఉంది, అమ్మ ఉంది, ఆప్యాయత ఉంది. కాని ఈ మాటలు కూడా అందరికీ సమంగా అందవు. బండ మీద నీళ్లు కొట్టే మనిషి పాలిషు ఫ్యాక్టరీ యజమాని భార్యను ‘ఆయమ్మ’ అంటుంది. యజమాని ఇంటివాళ్లు ఈమెను ఏమంటారో నేను చెప్పనక్కరలేదు. పత్రికల భాషలోనూ ఇదే మెట్లవరుస ఉంది. మంత్రి ‘ఆయన’ అవుతాడు, ఆటో నడిపే మనిషి ‘అతను’ అవుతాడు. కులం, వర్గం, లింగం మూడూ ఒకే ప్రత్యయంలో ఎట్లా ముడిపడి ఉన్నాయో చూపడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఈ దృష్టితో చూస్తే లింగతటస్థమైన పిలుపు అన్నది కేవలం స్త్రీల సమస్యో, హిజ్రాల సమస్యో కాదు. అందరికీ ‘రు’ దక్కాలన్న కోరిక అది. సమాన గౌరవం అన్న పాత ప్రజాస్వామిక కోరికకు మరో రూపం.

4

నోటిమాట గాలిలో కలిసిపోతుంది. కాగితం నిలుస్తుంది. కాబట్టి పాలకవర్గం తన సర్వనామాన్ని చట్టంలోనే పెట్టుకుంది. పురుషలింగం వాడితే అందులో స్త్రీలింగం కూడా చేరుతుందని బ్రిటన్ 1850లో ఒక శాసనంతో తేల్చేసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి కూడా ఇంగ్లీషు ‘హీ’ స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుందని చెప్పింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం అదే సూత్రాన్ని చట్టాలన్నింటికీ విస్తరించింది. దాదాపు నూట అరవై ఏళ్ల తరువాత 2023లో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోనూ ‘హీ’ అలాగే ఉంది. అది పురుషుడికీ, స్త్రీకీ, ట్రాన్స్‌జెండర్‌కూ వర్తిస్తుందని నిర్వచనాన్ని విస్తరించారు. లోపల కూర్చునేవారి సంఖ్య పెరిగింది, తలుపు మీది పేరు మాత్రం మారలేదు.

మాటలో చేరడం వేరు, హక్కులో చేరడం వేరు. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్ల కోసం దరఖాస్తు చేశారు. సంరక్షకురాలిగా తానే సంతకం పెట్టారు. తండ్రి సంతకం కావాలని దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టుదాకా పోయింది. 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. తండ్రి జీవించి ఉన్నా, బిడ్డ బాగోగులు చూడని పరిస్థితుల్లో తల్లి కూడా సహజ సంరక్షకురాలు కాగలదని చట్టానికి కొత్త అర్థం చెప్పారు. మొదట అడ్డం నిలిచింది దరఖాస్తులో ఒక సంతకం చోటు. దాన్ని కదిలించడానికి పదిహేనేళ్లు పట్టింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి పేరో, తండ్రి పేరో ఏదో ఒకటి చాలునన్న నిబంధన రావడానికి 2016 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది.

మూడో గడి చరిత్ర ఇంకా చేదైనది. ‘గడి ఉంటే చాలు, న్యాయం జరిగినట్టే’ అనుకునేవారు ఒకసారి వెనక్కి చూడాలి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండో భాగం హిజ్రాల పేర్లతో పోలీసు రిజిస్టర్లు పెట్టించింది. నిజాం రాజ్యంలో 1919లో, అంటే ఫసలీ 1329లో, అటువంటి చట్టమే వచ్చింది. అది పుస్తకాల్లోనే మిగిలి ఉండి, చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. అప్పుడూ గడి ఉంది. అయితే అది నిఘా కోసం ఉంది, హక్కు కోసం కాదు.

ఆ తరువాతి చరిత్ర మనకు తెలిసిందే. 2009లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలో ‘ఇతరులు’ అన్న ఎంపికను అనుమతించింది. 2011 జనగణనలో మూడో సంఖ్య వేశారు. దేశంలో 4,87,803 మందిని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందిని ఆ కింద లెక్కించారు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు తమ లింగాన్ని తామే చెప్పుకునే హక్కును గుర్తించింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం చేశారు. అది జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. తమ గురించి తాము చెప్పే మాటకు మరొకరి సంతకం ఎందుకని ఆ సమాజం వారు నిరసించారు. ‘ఇతరులు’ అన్న మాటనే చూడండి. ఎవరికి ఇతరులు? గడి గీసినవాడికి ఇతరులు.

5

ఇక అమరిక సంగతి. రాతలో విషయమే ముఖ్యం, దాని అమరిక అలంకారం మాత్రమే అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. మా ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలున్నాయి. అందులో లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, మరికొన్ని కుడినుంచి ఎడమకు, ఎద్దు మడి దున్నినట్టు తిరుగుతాయి. ఆ వరుస తెలియని మనిషికి అక్షరాలు తెలిసినా శాసనం అర్థం కాదు. ఏ వైపునుంచి మొదలుపెట్టాలో, ఏది ముందో ఏది వెనకో అమరికే నిర్ణయిస్తుంది. చదువరి ఆ నిర్ణయాన్ని తెలియకుండానే ఒప్పుకుంటుంది. రాతిబండకు వర్తించిన ఈ సూత్రం కాగితానికీ, కంప్యూటరు తెరకూ వర్తిస్తుంది.

మన దరఖాస్తుల్లో ‘అతడు/ఆమె’ అని అడ్డగీత పెడతారు. మొదటి చోటు అతడిది. ‘దరఖాస్తుదారుడు (రాలు)’ అని కుండలీకరణం పెడతారు. ‘రాలు’ వాకిలి బయట నిలబడినట్టుంటుంది. తెరమీదనైతే ముందే నింపి ఉంచిన ఎంపిక ఒకటుంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే అదే ఖాయం. అధికారం అన్నింటికంటే భద్రంగా దాగేది అక్కడే. బొమ్మలూ అంతే. రోడ్డు పని జరిగే చోట పెట్టే హెచ్చరిక ఫలకం మీద పార పట్టిన మనిషి బొమ్మ, కొన్నిచోట్ల కింద ‘మెన్ ఎట్ వర్క్’ అన్న మాట. ఫలకం వెనక కంకర తట్టలు మోస్తున్నది మా సీమ ఆడవాళ్లు.

ఇవి మారతాయా అంటే మారాయి. ఫేస్‌బుక్ 2014లో లింగానికి యాభైకి పైగా ఎంపికలు పెట్టింది. తమకు ఏ సర్వనామం వాడాలో కూడా చెప్పుకోనిచ్చింది. 2015లో అక్కడ పనిచేసే ఒక స్త్రీ కళాకారిణి, స్నేహితుల గుర్తులో పురుషుడి వెనక చిన్నదిగా నిలబడిన స్త్రీని ముందుకు తెచ్చి గీసింది. ఆ కంపెనీ జనం వివరాలను అంగడి సరుకు చేసి లాభాలు పోగేసుకునేదన్న సంగతి మనం మరువరాదు. ఎంపికలు ఎక్కువైతే అమ్మకానికి వివరాలూ ఎక్కువే. అయినా గుర్తు మారింది, ఆ మార్పు వచ్చింది కూడా గీసే చేతినుంచి.

లాభాపేక్ష లేని ఉదాహరణ మన భాషలోనే ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవారి పేజీలకు ‘సభ్యుడు’ అన్న పేరు వాడారు. ‘సభ్యులు’ అన్న బహువచనమూ వాడారు. చివరికి ‘వాడుకరి’ అన్న మాట నిలిచింది. నేర్పరి, చూపరి, చదువరి అన్న తెలుగు మాటల కోవలోదే ఇదీ. దీనికి లింగం లేదు. ఇంగ్లీషు మాటను అరువు తేలేదు, పండితుల సభ వేయలేదు. రాసేవాళ్లే తమ పేజీ తలమీద ఉన్న ‘డు’ను తీసివేశారు. ఆ వ్యవస్థలో తమను ఎట్లా ప్రస్తావించాలో ఎవరికి వారు చెప్పుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే తటస్థంగానే ఉంటుంది. ముట్టుకోని గడి మగగడి కానక్కరలేదని అక్కడ రుజువైంది.

మనకు కావలసిన పనిముట్లన్నీ భాషలో సిద్ధంగా ఉన్నాయి. దరఖాస్తుదారు, హక్కుదారు, పట్టాదారు: వీటి చివర ‘డు’ చేర్చకపోతే చాలు. ‘అతడు/ఆమె చిరునామా’ బదులు ‘మీ చిరునామా’ అని అడగవచ్చు. ‘సంతకం చేయవలెను’ అన్న పాత కచేరీ భాషకు లింగం లేదు. ‘రాలేదు’, ‘ఇవ్వలేదు’ అన్న మాటలకూ లేదు. మూడో పురుషలో రాయక తప్పని చోట అందరికీ ‘వారు’, అందరికీ ‘రు’. జాగా చాలదన్న సాకు కూడా చెల్లదు. ‘వారు’ రెండక్షరాలు, ‘అతడు/ఆమె’ గీతతో కలిపి ఆరు.

6

దీనిమీద మిత్రులు రెండు ఆక్షేపణలు చెబుతారు. మొదటిది: కూలి పెంచకుండా సర్వనామం పెంచితే కడుపు నిండుతుందా? నిండదు. కాని మస్టరు పుస్తకంలో నిలువు గీత, కూలిలో తేడా ఒకే పేజీలో ఉండేవి. ‘మనుషులు’ అన్న వైపుకు ఒక ధర, ‘ఆడవాళ్లు’ అన్న వైపుకు తక్కువ ధర. పేరు, ధర వేరువేరు సంగతులు కావు. మా ప్రాంతాన్ని బ్రిటిషువాళ్లు ‘దత్త మండలాలు’ అన్నారు, అంటే ఒకరు మరొకరికి ఇచ్చేసిన సొత్తు. 1928లో మా పక్కనే నంద్యాలలో జరిగిన సభల్లో ఆ పేరు వదిలి ‘రాయలసీమ’ అన్నారు. దానివల్ల వాన పడలేదు, కరువు తీరలేదు. కాని అప్పటినుంచి ఈ నేల తన నీళ్ల గురించి తన పేరుతో అడగగలిగింది.

రెండో ఆక్షేపణ బరువైనది. అంతా తటస్థం చేస్తే అసమానత కనిపించకుండా పోదా? 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒక గనిలో సమాన వేతన నియమాన్ని ఉల్లంఘించారని రుజువు చేయాలంటే ఆడవారికెంత, మగవారికెంత ఇచ్చారో లెక్క ఉండాలి. లింగం గడి తీసివేస్తే యజమానికే మేలు. ఇది నిజం. నా ఉద్దేశంలో ఇక్కడ రెండు పనులను విడదీయాలి. ఒకటి లెక్క, రెండోది పిలుపు. అన్యాయాన్ని పట్టుకోవడానికి లెక్క కావాలి. అందులో లింగం గడి ఉండాలి. దాన్ని నింపే హక్కు ఆ మనిషిది కావాలి. పిలుపులో మాత్రం లింగానికి పని లేదు. మన కాగితాలు ఇన్నాళ్లూ దీన్ని తలకిందులు చేశాయి. పిలిచేటప్పుడు ఆడా మగా తేడా చూపాయి, ఆడవారి శ్రమను లెక్కించవలసినప్పుడు మాత్రం వారిని ‘అతడు’లో కలిపేశాయి.

ఇతరులను విమర్శించే ముందు ఆత్మవిమర్శ చేసుకోవడం మన సంప్రదాయం. నేను ఏళ్ల తరబడి వ్యాసాల్లో ‘పాఠకుడు’ అని, ‘శ్రామికుడు’ అని, ‘మానవుడు’ అని రాశాను. నా మనసులో ఉన్న శ్రామికుడికి మీసాలుండేవి. బండ మోసి పెంచిన తల్లి కడుపున పుట్టి కూడా అట్లా రాశాను. సాహితీ సంస్థల సభ్యత్వ పత్రాలు చాలా నింపాను. వాటిలో ‘సభ్యుని సంతకం’ అన్న గీత మీద ఎందరో స్త్రీలు సంతకం పెట్టగా పక్కన కూర్చుని చూశాను. అది తప్పని నాకు తోచలేదు.

ఆ పింఛను రశీదు తప్పని మేము కాగితం రాసి ఇచ్చాం. ‘దరఖాస్తుదారుడు’ అన్న మాటలో ‘డు’ కొట్టివేసి, ‘అతని’ తీసి ‘వారి’ అని దిద్ది, కింద వారు సంతకం పెట్టారు. యంత్రం ఒప్పుకోదని కౌంటరులోని కుర్రాడు అన్నాడు. యంత్రాన్ని తయారుచేసినవాళ్లు మనుషులే కదా, వాళ్లకు పంపమన్నాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ పోతాం. ఈసారి మాతో పాలిషు ఫ్యాక్టరీల ఆడవాళ్లు కూడా వస్తామన్నారు. వాళ్ల రశీదుల మీదా అదే ‘డు’ ఉంది.